పూలజడ, పూలనగలు ముహూర్తం దాకా ఎందుకు నిలవవు? సూది పట్టకముందే తేలిపోయే సంగతి

క్లుప్తంగా: ఒంటిమీద పెట్టుకునే పువ్వుకు నీళ్లు అందే దారి ఉండదు. కుట్టకముందు అందులో ఎంత తేమ నిలిచింది, తర్వాత అది ఎంత నెమ్మదిగా ఆరింది అన్న దాన్ని బట్టే నగ ఆయుష్షు. మల్లె, నందివర్ధనం, కనకాంబరం లాంటి విడిపూలను ఆరకుండా కాపాడాలి. గులాబీ, చామంతి, ఆర్కిడ్ లాంటి కాడపూలకు ముందు కడుపునిండా నీళ్లు తాగించి, ఆ తర్వాతే కాడ కత్తిరించాలి. ఒకదానికి చేయాల్సింది ఇంకోదానికి చేయడం వల్లే ఎక్కువ నగలు పాడవుతున్నాయి.

హల్దీ, సీమంతం, పెళ్లికూతుర్ని చేయడం వంటి వేడుకల్లో పచ్చిపూలతో చేసిన పాపిటచేరు, జుంకాలు, హారం, వంకీలు, వడ్డాణం ఇప్పుడు మామూలైపోయాయి. ఒకప్పుడు పూలజడ ఒక్కటే ఉన్నచోట ఇప్పుడు పూర్తి సెట్టు అడుగుతున్నారు. ఇంట్లోనే చేసి ఆర్డర్లు ఇచ్చేవాళ్లూ పెరిగారు. ఫిర్యాదు మాత్రం ఎక్కడ విన్నా ఒకటే: పొద్దున ముచ్చటగా ఉన్న నగ మధ్యాహ్నానికి అంచులు నల్లబడి వేలాడిపోయింది.

సలహాలకు కొదవ లేదు. ఫ్రిజ్‌లో పెట్టమని ఒకరు, ఫ్రిజ్‌లో పెడితేనే పోయిందని ఇంకొకరు చెబుతారు. నీళ్లు చల్లమని కొందరంటే, చల్లితే మగ్గిపోతుందని మరికొందరంటారు. విచిత్రమేమిటంటే ఇవన్నీ నిజాలే, కాకపోతే అన్నీ ఒకే పువ్వు గురించి చెప్పినవి కావు.

## కాడ తెగాక ఏం జరుగుతుంది

కోసిన తర్వాత కూడా పువ్వు బతికే ఉంటుంది. రేకుల్లోని చక్కెరను ఖర్చుపెట్టుకుంటూ ఊపిరి తీస్తుంది, తేమను గాలిలోకి వదులుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ ఊపిరి వేగం రెండు మూడు రెట్లవుతుంది. ఎండలో గంటసేపు ఉంచిన పువ్వు చూపుకు బాగానే ఉన్నా, లోపల చల్లని గదిలో కొన్ని గంటలు గడిపిన పువ్వుతో సమానం. సంతలో నీడన ఉన్న బుట్టకూ, ఎండ తగిలిన బుట్టకూ తేడా కొన్న వెంటనే కనిపించదు, మర్నాడే తెలుస్తుంది.

నీళ్ల లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. కుండీలో నిలబెట్టిన గులాబీ ఎంత తేమ పోగొట్టుకుంటే అంత కాడతో లాగేసుకుంటుంది. చెవి దుద్దులో గుచ్చిన గులాబీకి ఆ వీలు లేదు. రేకుల్లో ఉన్నదే దాని మూలధనం. పైగా ఒంటి వేడి, చెమట ఉప్పు, ఫ్యాన్ గాలి, ఫొటోల లైట్ల వేడి అన్నీ కలిసి దాన్ని ఆరబెడుతుంటాయి.

## విడిపూల దారి: మల్లెమొగ్గ గడియారం

బొడ్డుమల్లె మొగ్గను తెల్లవారకముందు నుంచి పొద్దెక్కేలోపు కోస్తారు. కోసిన మొగ్గ ఆ సాయంత్రం చీకటి పడే వేళకు విచ్చుకుంటుంది. వాసన వచ్చేదీ అప్పుడే. కోసినంత మాత్రాన ఆ గడియారం ఆగదు, చల్లదనంతో దాన్ని కొంత నెమ్మదిగా తిరిగేలా చేయగలం, అంతే. రాత్రి ముహూర్తాల పెళ్లిళ్లకు మొగ్గలజడ అంత బాగా కుదరడానికి ఇదే కారణం: పొద్దున కోసిన మొగ్గలతో మధ్యాహ్నం కుట్టిన జడ పీటల మీద కూర్చునే వేళకు మెల్లగా విచ్చుకుంటుంది. అదే జడను మర్నాడు ఉదయం 10 గంటల హల్దీకి అడిగితే గడియారం ఎదురు తిరుగుతుంది. నిన్నటి మొగ్గ రాత్రే విచ్చుకుని ఉంటుంది, ఇవాళ్టి మొగ్గ చేతికందేసరికి కుట్టే సమయం మిగలదు. ఉదయపు వేడుకకు నందివర్ధనం మొగ్గలూ చిన్న గులాబీలూ ప్రధానంగా పెట్టి, మల్లెను పక్క వరుసలకే వాడటం తెలివైన పని.

మొగ్గను ఎంచడంలోనే సగం ఫలితం ఉంది. బాగా పెరిగి, పాలలా తెల్లబడి, కాడ మాత్రం లేత ఆకుపచ్చగా ఉన్న మొగ్గ కావాలి. పచ్చగా చిన్నగా ఉన్నది ముదరని మొగ్గ, అది విచ్చుకోకుండానే ముడుచుకుపోతుంది. కొన ఉబ్బి రేకులు వదులైనది ఇంకో రెండు మూడు గంటల్లో తెరుచుకునే మొగ్గ, దాన్ని జడలో పెడితే వరుస చెదురుతుంది. కాడ గోధుమరంగుకు తిరిగితే అది నిన్నటి సరుకు.

ఎన్ని కావాలో ముందే లెక్కేసుకోవచ్చు. మొగ్గ లావు సుమారు అర సెంటీమీటరు. జడ వెడల్పు 6 సెం.మీ. అయితే వరుసకు 12 మొగ్గలు పడతాయి. వరుసల మధ్య ఎడం 1.25 సెం.మీ. అనుకుంటే 75 సెం.మీ. పొడవుకు 60 వరుసలు, అంటే 720 మొగ్గలు. ఏరివేతలో పోయేవాటికి నాలుగో వంతు కలిపి 900 దగ్గర పెట్టుకోవాలి. ఒకే సైజు మొగ్గలు కావాలనుకుంటే ఈ మిగులు ఇంకా పెంచాలి. చివర్లో నలభై మొగ్గలు తగ్గితే, తర్వాత తెచ్చినవి వేరే తోటవి, వేరే సైజువి అవుతాయి, ఆ అతుకు దూరం నుంచే కనబడుతుంది.

తెచ్చిన వెంటనే ప్లాస్టిక్ కవర్లోంచి తీసేయాలి. మూట మధ్యలో మొగ్గలు తమ ఊపిరి వేడికే మగ్గుతాయి. చెయ్యి పెట్టి చూస్తే లోపల గోరువెచ్చగా తగులుతుంది. నీడన పల్చగా ఒక పావుగంట పరిచి వేడి పోనివ్వాలి, తెల్లగుడ్డ మీద పరిస్తే లోపలున్న చీమలు, చిన్న పురుగులు కూడా బయటికొస్తాయి. తర్వాత నీళ్లలో ముంచి గట్టిగా పిండిన నూలుగుడ్డలో వదులుగా చుట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. గుడ్డ నొక్కితే చుక్క రాలకూడదు. మొగ్గకు కావలసింది చుట్టూ తేమగా ఉన్న గాలి. మీద నీటిబొట్టు నిలిస్తే అది మచ్చగా మారుతుంది. సంతలో బరువు కోసం, మెరుపు కోసం ఎడాపెడా నీళ్లు చల్లిన పూలు మర్నాటికి ఎర్రబారడం వెనక సంగతి ఇదే.

నందివర్ధనం మొగ్గకు వేరే చిక్కు ఉంది. తుంచగానే కాడ నుంచి పాలు కారతాయి. అలాగే కుడితే సూది జిగటై, దారం మీద పాలు ఆరి నల్లని గీతలా కనిపిస్తాయి. తుంచిన మొగ్గలను చల్లని నీళ్లలో పది పదిహేను నిమిషాలు వేస్తే పాలు ఆగుతాయి, ఆ తర్వాత గుడ్డ మీద పూర్తిగా ఆరనిచ్చి కుట్టాలి. కనకాంబరానికి ఇంత శ్రమ అక్కర్లేదు. వాసన లేకపోయినా తేమను బాగా పట్టి ఉంచుకుంటుంది, కట్టిన మాల మర్నాటికీ రంగు తగ్గదు. నగలో రంగు గీత కావాలంటే బంతి రేకుల కంటే ఇది నమ్మదగ్గది.

## కాడపూల దారి: ముందు తాగించాలి

గులాబీలు, కార్నేషన్లు చాలావరకు బెంగళూరు, హోసూరు వైపు నుంచి పెట్టెల్లో పొడిగా వస్తాయి. హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కో విజయవాడకో చేరేసరికి వాటికి నీళ్లు తగిలి చాలా గంటలవుతుంది. ఈలోగా కాడ కొసలో గాలి చేరి నీటి దారి మూసుకుపోతుంది. అందుకే తెచ్చిన గులాబీని ఉన్నపళంగా బకెట్లో పెట్టినా మెడ వాలే ఉంటుంది.

కొస నుంచి రెండు మూడు సెంటీమీటర్లు పదునైన కత్తితో ఏటవాలుగా కోయాలి. కాడను నీళ్లలోనే ఉంచి కోస్తే గాలి మళ్లీ చొరబడదు. కత్తెర కాడను నొక్కేస్తుంది కాబట్టి కత్తే మేలు. నీటిమట్టం కిందికి వచ్చే ఆకులన్నీ తీసేయాలి, అవి కుళ్లితే పుట్టే సూక్ష్మజీవులే కాడ దారిని రెండోసారి మూస్తాయి. సబ్బుతో కడిగిన బకెట్, గోరువెచ్చని నీళ్లు, చల్లని చీకటి గది ఉంటే గులాబీ నాలుగైదు గంటల్లో మెడ నిలబెడుతుంది. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది. చక్కెర వేయాలా అన్న ప్రశ్నకు జవాబు సులువు: ఒక్క రాత్రికి శుభ్రమైన నీళ్లు చాలు. చక్కెర వేస్తే నిమ్మరసం లాంటి పులుపు కూడా ఉండాలి, లేకపోతే పువ్వుకంటే ముందు సూక్ష్మజీవులు విందు చేసుకుంటాయి.

తాగిందో లేదో వేళ్లతో చూడాలి. గులాబీ అడుగున, తొడిమకు పైన మెల్లగా నొక్కితే గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే అది ఇంకా దాహంతో ఉన్నట్టు, లేదా పాతది. బయటి ఒకటి రెండు రేకులు దెబ్బతిని ఉంటాయి, వాటిని పక్కకు వంచి మొదట్లో తుంచేయాలి. నగకు సగం విచ్చిన పువ్వే సరైనది. పూర్తిగా విచ్చింది హారంలో రేకు రేకుగా రాలుతుంది, మూసుకున్న మొగ్గ కాడ తెగాక మరి విచ్చదు. చెవికీ పాపిటకీ చిట్టి గులాబీలే పెట్టాలి. పెద్ద పువ్వు బరువుకు కొక్కెం సాగి పువ్వు ముందుకు వాలుతుంది.

చామంతి ఓర్పున్న పువ్వు. తాగించి కోస్తే ఎక్కువ గంటలు నిలుస్తుంది, కాకపోతే ముద్దగా ఉన్నదాని కింది వరుస రేకులు ముందుగా రాలతాయి. డెండ్రోబియం ఆర్కిడ్ రేకు మైనం పూసినట్టు మందంగా ఉంటుంది కనుక తేమ నెమ్మదిగా పోతుంది, సాయంత్రం దాకా సాగే వేడుకలకు ఇది బాగా పనికొస్తుంది. జిప్సో (గుత్తిగా ఉండే చిట్టి తెల్లపూలు) వాడిపోయినా ఆకారం చెడదు, అక్కడే ఎండిపోయి నిలుస్తుంది. బంతి మాత్రం అడుగు బుడిపెలో తడిని పట్టుకుని కుళ్లుతుంది, దాన్ని తడిపి వాడకూడదు. మందారం, సంపెంగ, పారిజాతం నగలకు వద్దనే చెప్పాలి. ఎంత కాపాడినా అవి గంటల్లో వాడతాయి, లేదా కమిలిపోతాయి.

## గోధుమరంగు మచ్చ ఎక్కడి నుంచి వస్తుంది

వాడిపోవడం వేరు, కమిలిపోవడం వేరు. మొదటిది నీళ్ల కొరత. రెండోది గాయం. రేకును గోటితో నొక్కితే లోపలి కణాలు చితికి, అప్పటిదాకా విడివిడిగా ఉన్న పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గోధుమరంగుకు మారతాయి. కోసిన వంకాయ నల్లబడేదీ ఇలాగే. లిల్లీ పూలు, మల్లె, తెల్ల గులాబీల్లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముదురు ఎరుపులో ఉన్నా కంటికి ఆనదు. నొక్కిన అరగంటకో గంటకో గాని మచ్చ బయటపడదు కాబట్టి, కుట్టేటప్పుడు చేసిన పొరపాటు నగ అప్పగించిన తర్వాతే తెలుస్తుంది.

కాబట్టి తెల్లపూలను రేకు దగ్గర పట్టుకోకుండా కాడ దగ్గరో తొడిమ దగ్గరో పట్టుకోవాలి. చేతులకు క్రీము, నూనె ఉండకూడదు. తుప్పు పట్టిన సూది, ఇనుప తీగ వాడితే గుచ్చిన చోట నల్లని చుక్క పడుతుంది. సన్నని స్టీలు సూదితో రేకులో కాకుండా కాడలో గుచ్చితే గాయం దాగిపోతుంది. నైలాన్ దారం బిగిస్తే లేత కాడ తెగుతుంది. తడిపిన అరటినార, మెత్తని నూలుదారం కాడను కోయకుండా పట్టుకుంటాయి. పాత పద్ధతిలో నారను తడిపి వాడింది ఇందుకే, పైగా ఆ తడి కాడకు కాస్త ఆసరా కూడా.

## ఫ్రిజ్ మంచిదా, చెడ్డదా

ఇంటి ఫ్రిజ్‌లో రెండు దోషాలున్నాయి. లోపలి గాలి పొడిగా ఉంటుంది, వెనక గోడ దగ్గర గడ్డకట్టే చలి ఉంటుంది. మూత లేకుండా పెట్టిన పువ్వు ఆరిపోతుంది, గోడకు ఆనిన పువ్వు గాజులా పారదర్శకమై, బయటికి తీయగానే మెత్తబడుతుంది. గులాబీకి 2 నుంచి 4 డిగ్రీల చలి హాయి. ఆర్కిడ్ ఉష్ణమండలపు మొక్క, 10 డిగ్రీల కిందికి వెళ్తే దానికి చలిదెబ్బ తగులుతుంది. మల్లెమొగ్గ మధ్యరకం, దానికి కింది కూరగాయల అర చాలు. ఆర్కిడ్‌ను మాత్రం ఏసీ గదిలోనే ఉంచాలి.

మూడో దోషం పళ్లది. మాగే అరటి, మామిడి, ఆపిల్ ఎథిలీన్ అనే వాయువును వదులుతాయి. కార్నేషన్, ఆర్కిడ్ దానికి లొంగిపోతాయి: రేకులు లోపలికి ముడుచుకుని నిద్రపోయినట్టవుతాయి, తిరిగి తెరుచుకోవు. పెళ్లింట్లో అరటిగెలలు, పళ్ల బుట్టలు, పూలనగల డబ్బా ఒకే గదిలో ఉండటం మామూలే. నీళ్లు, చలి అన్నీ సరిగ్గా చూసుకున్నా నగ ముడుచుకుపోయిందంటే చాలాసార్లు కారణం ఆ గది. పొగలోనూ ఈ వాయువు ఉంటుంది, అందుకే అగరుబత్తీలు, పొయ్యి దగ్గర కూడా డబ్బా పెట్టకూడదు.

ఫ్రిజ్ నుంచి తీశాక డబ్బాను వెంటనే తెరవకూడదు. వెచ్చని గాలి చల్లని రేకుకు తగిలి మంచులా నీరు పట్టి, అది మచ్చలుగా నిలుస్తుంది. మూత పెట్టే అరగంట బయట ఉంచి, గది వేడికి వచ్చాక తెరవాలి.

## తీగ, టేపు, జిగురు

కాడపూలకు నిజమైన పరీక్ష కాడ కత్తిరించే ఘడియే. ఒక్కొక్కటే బకెట్లోంచి తీసి, ఒకటి రెండు సెంటీమీటర్లు కాడ ఉంచి కోసి, తొడిమకు అడ్డంగా తీగ గుచ్చి, రెండు కొసలూ కిందికి వంచి వెంటనే ఫ్లోరల్ టేపు చుట్టాలి. ఈ టేపు మామూలుగా అంటుకోదు, సాగదీస్తేనే జిగురు బయటికొస్తుంది. కోసిన కొసను పూర్తిగా కప్పితే అక్కడ నుంచి పోయే తేమ ఆగుతుంది. గులాబీ, చామంతులకు 24 గేజ్ తీగ (సుమారు అర మిల్లీమీటరు), జిప్సో, చిన్న మొగ్గలకు 28 గేజ్ సరిపోతుంది. మందపాటి తీగ తొడిమను చీలుస్తుంది, మరీ సన్ననిది బరువుకు వంగుతుంది. ఇరవై పూలూ ఒకేసారి కోసి పరిచి, తర్వాత తీగ చుడదామనుకుంటే చివరి పువ్వు చేతికొచ్చేసరికి సగం నీరసిస్తుంది.

వేడి గ్లూ గన్ పని త్వరగా అయ్యేలా చేస్తుంది గానీ రేకును కాలుస్తుంది, ఆ చుట్టూ మచ్చ వ్యాపిస్తుంది. దాన్ని బేసుకు, గొలుసుకు, గుడ్డకు వాడి, పువ్వుకు మాత్రం పచ్చిపూల కోసం దొరికే చల్లని ఫ్లోరల్ గ్లూ వాడాలి. రెండు వైపులా పొడిగా ఉంటేనే అది పట్టుకుంటుంది. ఫెవికాల్ లాంటివి నీటి జిగుర్లు, తేమ ఉన్న పువ్వు మీద ఆరవు. అట్ట బేసు మీద జడ కుడితే, మొగ్గల తడికి అట్ట మెత్తబడి జడ మధ్యలో విరుగుతుంది. అట్టకు ముందుగా ప్లాస్టిక్ షీటు చుట్టి దానిపై గుడ్డ తొడగాలి. జుట్టు స్ప్రే కొట్టే అలవాటును మానుకోవడం మంచిది, అందులోని ఆల్కహాల్ లేత రేకు మీద మచ్చలు వేస్తుంది.

## హైదరాబాద్ మే నెల, విశాఖ మే నెల

ఒకే నగ రెండు ఊళ్లలో రెండు రకాలుగా పాడవుతుంది. గాలి పువ్వు నుంచి తేమను ఎంత గట్టిగా లాగుతుందన్నది వేడి, గాలి తేమ రెండూ కలిసి తేలుస్తాయి. 40 డిగ్రీల వేడి, 30 శాతం తేమ ఉన్న తెలంగాణ మధ్యాహ్నం పువ్వును ఆరబెట్టే శక్తి, 24 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న ఏసీ గది కంటే దాదాపు మూడున్నర రెట్లు. అదే 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న తీరప్రాంతంలో ఆరబెట్టే శక్తి ఏసీ గదికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే హైదరాబాద్, కర్నూలు వైపు పువ్వు వాడిపోతుంది. విశాఖ, కాకినాడ వైపు వాడదు గానీ వేడికి త్వరగా ముదిరి, తడికి మచ్చపడి బూజు పడుతుంది.

జాగ్రత్తలూ అందుకు తగ్గట్టే మారాలి. ఎండు ఊళ్లలో డబ్బాలో తడిగుడ్డ తప్పనిసరి, వేడుక మొదలయ్యేదాకా నగ బయటికి తీయకూడదు, ఫ్యాన్ కింద అసలే పెట్టకూడదు. తీరంలో తడిగుడ్డ బదులు పొడి టిష్యూ పరిచి చల్లదనం మీదే దృష్టి పెట్టాలి. హైదరాబాద్ చిట్కాను భీమవరంలో పాటించి, తడిగుడ్డలో చుట్టిన గులాబీలు బూజుమచ్చలతో బయటికి రావడం అందుకే.

విదేశాల్లోని తెలుగువాళ్లకు మల్లె దొరకడమే కష్టం. అక్కడ పూలజడకు స్ప్రే గులాబీలు, చిన్న కార్నేషన్లు, మల్లెను పోలిన స్టెఫనోటిస్ వాడతారు. చలికాలపు హీటర్ గాలి కూడా తెలంగాణ ఎండలాగే పొడిగా లాగేస్తుందని గుర్తుంచుకోవాలి.

## వేడుక గంట నుంచి వెనక్కి

ఉదయం 10 గంటల హల్దీ అనుకుంటే కాడపూలు ముందురోజు మధ్యాహ్నానికే నీళ్లలో ఉండాలి. బేసులు, కొక్కేలు, కత్తిరించిన తీగలు, మెడ కొలత, చేతి కొలత సాయంత్రానికి సిద్ధం కావాలి, పూలు లేకుండా చేయగల పనంతా అప్పటికే అయిపోవాలి. కనకాంబరం, జిప్సో, ఆకులు, మరువం రాత్రే కట్టి డబ్బాలో పెట్టొచ్చు. గులాబీ, ఆర్కిడ్ తెల్లవారుజామునే కోయాలి. తెల్లపూలు అన్నిటికంటే చివర, ఎందుకంటే మచ్చ దాచలేనివి అవే. హారం, వడ్డాణం లాంటి పెద్దవి ముందు, చెవులవి తర్వాత చేస్తే చిన్న పువ్వు ఎక్కువ సేపు నీళ్లలో ఉంటుంది.

ధర మీదా ఈ లెక్క ప్రభావం ఉంది. మల్లె మార్చి నుంచి జూన్ దాకా విరివిగా వస్తుంది, చలికాలంలో దొరకక ధర ఎక్కడికో పోతుంది. అప్పుడు చలికి తట్టుకునే కాగడా పూలతో, నందివర్ధనంతో జడ చేస్తారు. చూపుకు దగ్గరగానే ఉంటుంది, మల్లె వాసన మాత్రం ఉండదు. ఆర్డరు తీసుకునేటప్పుడే ఆ మాట చెప్పాలి. రాత్రి రెండింటికి లేచి చేసే పని కాబట్టి పూల ఖరీదుకు రెట్టింపు అడిగినా అది అన్యాయం కాదు. కొనేవాళ్లకు ఆ గంటలు కనబడవు గనకే బేరం జరుగుతోంది.

## ఒంటికి తగిలేది

గులాబీల మీద పురుగుమందు అవశేషాలు ఉండొచ్చు, నీళ్లలో పెట్టేముందు తలకిందులుగా పట్టి చల్లని నీటితో ఒకసారి కడిగి దులపాలి. చామంతి, బంతి జాతి పూలు కొందరికి దద్దురు తెప్పిస్తాయి. కొన్ని రోజుల ముందే మోచేతి లోపలి వైపు ఒక రేకు రుద్ది చూస్తే కొంతవరకు తెలుస్తుంది. గన్నేరు పాలు విషం, రంగు ఎంత నచ్చినా అది నగలో ఉండకూడదు. తీగ కొసలన్నీ వెనక్కి వంచి టేపుతో మూసి, మెడకు తగిలే వైపు మెత్తని గుడ్డ పట్టీ వేయాలి. హల్దీ రోజున ఇంకో చిన్న క్రమం కూడా పాటించాలి: ముందు నగలతో ఫొటోలు, ఆ తర్వాత పసుపు, నూనె. నూనె తగిలిన రేకు పారదర్శకమై త్వరగా వాలిపోతుంది, దాన్ని మళ్లీ నిలబెట్టే ఉపాయం లేదు.